ఆయన్ని అడిగారు సరే, మమ్మల్ని అడగరేం?

సంపాదకులు గారికి,

మాజీ సైనికుల మీద, వాళ్ల కుటుంబాల మీద ఇంగ్లండు, అమెరికా విశ్వవిద్యాలయాలు చేస్తున్న పరిశోధనల గురించి మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. విషయం మంచిది. కాకపోతే అంతా చెప్పి, చివర్లో ‘మన దగ్గర కూడా ఇలాంటివి జరగాలి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. ఎలా జరగాలి, ఎవరిని అడగాలి అన్నది వదిలేశారు. నా బాధంతా అక్కడే. ఉత్తరం పొడవైందనుకుంటే కోసేయండి. నా సొంత గోల కోసినా పర్లేదు గానీ లెక్కలున్న చోట మాత్రం కత్తెర పెట్టకండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. మా ఇంటాయన మిలట్రీలో మద్రాస్ ఇంజినీర్ గ్రూపు మనిషి. మద్రాస్ శాపర్స్ అంటారు. బెంగళూరులో ట్రైనింగు, ఆ తర్వాత జమ్మూ, రాజస్థాన్, అస్సాం. 1994లో చేరి, హవల్దారుగా 2016లో పింఛను మీద ఇంటికొచ్చారు. నేను అంగన్‌వాడీ కార్యకర్తని. మా వీధిలో మిలట్రీ ఇళ్లు చాలానే ఉన్నాయి. మా జిల్లాలో చాలా పల్లెలు అంతే. తెల్లవారకముందే రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్లు కనబడతారు. ఎందుకు పరిగెడుతున్నారని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు.

కిందటేడు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి మా ఊరొచ్చింది. మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం మీద పీహెచ్‌డీ చేస్తోందట. ఎండన పడి వచ్చిందని మజ్జిగిచ్చి కూర్చోబెట్టాను. మంచి పిల్ల. “అంకుల్, మీకు ఇష్టమైతేనే చెప్పండి, మీ పేరు ఎక్కడా రాదు” అని ముందే చెప్పి సంతకం తీసుకుంది. తర్వాత ఆమె ఒక్కో ప్రశ్నా చదవడం, మా ఆయన జవాబు చెప్పడం, ఆమె టిక్కు పెట్టుకోవడం.

గత నెల రోజుల్లో నిద్ర సరిగా పట్టని రోజులున్నాయా? “లేదమ్మా.” ఉన్నట్టుండి కోపం రావడం? “నాకేటి కోపం.” పాత సంఘటనలు గుర్తొచ్చి మనసు కలత పడటం? “ఏటీ లేదు.” మందు అలవాటు? “పండక్కి.”

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. మా అత్త అరుగు మీద కూర్చుని వింటోంది. పక్కింటాయన, ఆయనా మిలట్రీయే, పనేమీ లేకపోయినా వచ్చి మంచం అంచున చేరాడు. ఇంతమంది ఎదుట మా ఆయన ‘అవునమ్మా, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు’ అంటారా? అరగంటలో పనైపోయింది. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుని నా వైపు తిరిగితే, ఇప్పుడు నా వంతు కాబోలు అనుకున్నాను. “ఆంటీ, మజ్జిగ చాలా బాగుంది” అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ పిల్లని తప్పుపట్టను. ఆమె చేతిలోని ఫారంలో భార్యకు గడి లేదు. పిల్లలకూ లేదు. ఫారం తయారుచేసిన పెద్దల్ని అనాలి.

ఈ అడగడం, రాసుకోవడం నా రోజువారీ పనే. పోషణ్ ట్రాకర్ అనే మా అంగన్‌వాడీ యాప్‌లో ఎక్కించే వివరాలన్నీ ఇళ్లకు తిరిగి అడిగి తెచ్చేవే. కడుపుతో ఉన్న కోడలిని “ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగితే “వేసుకుంటోంది, రోజూ వేసుకుంటోంది” అని అత్తగారు జవాబు చెబుతుంది. ఆ కోడలే గుడ్లు తీసుకెళ్లడానికి కేంద్రానికి వచ్చినప్పుడు పక్కకు పిలిచి అడిగితే, మాత్ర పడక వాంతులవుతున్నాయని, ఎవరికీ తెలియకుండా చీరల కింద దాచానని చెబుతుంది. మనిషి ఒకతే, జవాబులు రెండు. రిజిస్టరులోకి ఏది ఎక్కుతుందన్నది ఎక్కడ అడిగాను, ఎవరి ఎదుట అడిగాను అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పీహెచ్‌డీ చేసేవాళ్లకు మాత్రం ఇది తెలిసి ఉండాలి.

సరే, నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని? మా కొబ్బరితోటలో మా ఆయన నడిచే తీరు చెప్పేదాన్ని. తోట మాదే, ఆయన చిన్నప్పటి నుంచి తిరిగిన నేలే. అయినా బాట తప్పి గడ్డిలో కాలు పెట్టరు. కాయ గడ్డిలో పడితే చుట్టూ తిరిగి, నలిగిన చోటే అడుగు వేసుకుంటూ వెళ్లి తెస్తారు. కమ్మలు రాలి పోగుపడిన చోట ముందు కర్రతో మెల్లగా తడిమి, అప్పుడు పాదం పెడతారు. చూసినవాళ్లు పాముల భయం అనుకుంటారు. అడిగితే ఆయనా అదే చెబుతారు. సెలవుల్లో వచ్చినప్పుడు మా అమ్మాయిని వెంటబెట్టుకెళ్తే “నా అడుగులోనే అడుగెయ్యి” అనేవారు. పిల్ల అది ఆట అనుకుని కేరింతలు కొట్టేది.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. 2002 అక్టోబరు దాకా నడిచింది. యుద్ధం రాలేదు. కానీ సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతారు, తర్వాత వాటినే వెతికి తీశారు. పాతడమూ, తీయడమూ శాపర్ల పని. యుద్ధమే లేని ఆ నెలల్లో మన జవాన్లు వందల మంది పోయారు. పాతరలు పేలి పోయినవాళ్లూ అందులో ఉన్నారు. మా అమ్మాయి పుట్టింది ఆ ఏడే. పుట్టిన కబురు 56 ఏపీఓ అనే సైన్యం తపాలా చిరునామాకు ఉత్తరంలో వెళ్లింది. అక్కడ ఏం జరిగిందో ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడరు. పక్కన పనిచేస్తున్నవాడి పాదం పోయిన సంగతి నాకు చెప్పింది, మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకు విజయనగరం నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు. అదీ భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకుంటూ.

ఇంకొకటి కూడా చెప్పేదాన్ని. ఇది పరిశోధన చేసేవాళ్లకు నిజంగా పనికొస్తుందనుకుంటాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి, పనస, దేన్నీ మిగల్చలేదు. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఊరంతా తోటల్లో పడి ఏడుస్తుంటే మా ఆయన, వీధిలోని మిగతా మిలట్రీవాళ్లు కలిసి రంపాలు, గొడ్డళ్లు పట్టుకుని రోడ్డు మీద పడ్డ చెట్లు నరికి దారి చేశారు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ కొమ్మ ముందు కొట్టాలో ఆయనే చెప్పారు. నీళ్ల డబ్బాలు మోశారు. ఆ రోజుల్లో ఆయన రాత్రి పడుకుంటే తెల్లారే దాకా పక్క మీద కదల్లేదు. మాకు తోట పోయింది, ఆయనకు నిద్ర వచ్చింది. కరెంటొచ్చి, నష్టపరిహారం రాయించుకునే క్యూలు మొదలయ్యాక మళ్లీ మామూలే. రాత్రి రెండింటికి లేచి పెరట్లో తిరగడం, గేటు గడియ వేసిందో లేదో చూసి రావడం. దీన్ని ఏ ఫారంలో ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు గానీ, రాయాల్సిన సంగతే.

ఇక ఇల్లు. సెలవుకొచ్చే నాన్న వేరు, ఇంట్లో ఉండిపోయిన నాన్న వేరు. ఏడాదికి రెండు నెలలు వచ్చి, మిఠాయిలు తెచ్చి, సినిమాకు తీసుకెళ్లే మనిషిని పిల్లలు ఎరుగుదురు. ‘ఫోన్ పక్కన పెట్టు, ఎన్నింటికి లేచావు’ అని రోజూ అడిగే మనిషిని ఎరగరు. అన్నేళ్లూ ఇల్లు నేను నడిపాను. ఎరువులు, కూలీలు, అప్పులు, అత్త మందులు, పిల్లల ఫీజులు, అన్నీ. ఆయన నలభై దాటీ దాటగానే ఇంటికొచ్చి, మొదటి వారంలోనే బియ్యం డబ్బా ఎక్కడుండాలో నాకు చెప్పారు. (అది మళ్లీ పాత చోటికే వెళ్లింది, అది వేరే సంగతి.) నలభై ఏళ్ల మనిషి, ఒంట్లో సత్తువ ఉంది, చేతిలో పని లేదు. ఏటీఎం దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. కొన్నాళ్లు చేసి మానేశారు. ఎందుకు మానేశారని నేను అడగలేదు. నిన్నటిదాకా పదిమందికి ఆర్డర్లిచ్చిన మనిషి గాజు తలుపు పక్కన స్టూలేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవాలా?

“మిలట్రీవాడి పెళ్లానికేం, పింఛనుంది, క్యాంటీన్ సరుకులున్నాయి” అంటారు చుట్టాలు. ఉన్నాయి, కాదనను. అయితే పింఛనులో సగం దాకా కమ్యుటేషన్ చేసి ముందుగా తీసుకునే వీలుంటుంది. అలా తీసుకుంటే 15 ఏళ్ల పాటు నెలనెలా చేతికొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. ముందు తీసుకున్నది స్లాబుకో, ఆడపడుచు పెళ్లికో అయిపోతుంది. ఈ లెక్క చుట్టాలకు తెలియదు. తెలిసినా అప్పు అడగడం మానరు.

మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతోంది. మీ వ్యాసం ఫొటో తీసి పంపితే, అందులో చెప్పిన పరిశోధనలు వెతికి ఫోనులో నాకు చదివి వినిపించింది. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ల పరిస్థితి తేల్చమని 1983లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ చెప్పిందట. ఆ ఫలితాలు 1990లో పుస్తకంగా వచ్చాయి. యుద్ధం ముగిసి పదేళ్లు దాటినా, అక్కడ పనిచేసిన మగవాళ్లలో నూటికి 15 మందికి ఆ మానసిక గాయం మానలేదని తేలింది. డాక్టర్లు పీటీఎస్‌డీ అంటున్నది దాన్నే. 1980లోనే వాళ్ల పుస్తకాలకు ఎక్కింది. నాకు ఆ అంకె కన్నా ఇంకో సంగతి మనసుకు పట్టింది. సైనికుల్ని అడిగి ఊరుకోకుండా, 376 మంది సైనికుల భార్యల్ని, కలిసి ఉంటున్న ఆడవాళ్లని కూడా విడిగా అడిగారు. ఇంట్లో ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, మీకెలా ఉంది అని. దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట ఇది. మన దగ్గర ఇప్పటికీ మజ్జిగ దగ్గరే ఆగిపోయాం.

లండన్ కింగ్స్ కాలేజీలో సైనికుల ఆరోగ్యానికే ఒక పరిశోధన కేంద్రం ఉంది. 2003 ఇరాక్ యుద్ధం నాటి నుంచి వేలమంది సైనికుల్ని, సర్వీసులో ఉన్నా బయటికొచ్చేసినా వదలకుండా, కొన్నేళ్లకోసారి పలకరిస్తున్నారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో నేరుగా పోరులో ఉండి, ఆ తర్వాత సైన్యం వదిలి వచ్చినవాళ్లలో నూటికి 17 మందికి పీటీఎస్‌డీ లక్షణాలున్నాయని 2018లో వాళ్లు చెప్పారు. సామాన్లు చేరవేయడం, వైద్యం లాంటి పనుల్లో ఉండి వచ్చినవాళ్లలో ఆరుగురికే. అంటే ఒకే యుద్ధానికి వెళ్లినా చేసిన పనిని బట్టి తేడా ఉంది. పైగా పోరులో ఉన్నవాళ్లలోనూ మిగతా 83 మందికి ఆ లక్షణాలు లేవన్నది కూడా అదే లెక్క చెబుతోంది. ఈ రెండో ముక్క ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

వాళ్లే సైనికుల పిల్లల మీద కూడా చూశారు. తండ్రి యుద్ధభూమికి వెళ్లినంత మాత్రాన పిల్లలకు ఇబ్బంది కనబడలేదట. తండ్రికి పీటీఎస్‌డీ లక్షణాలున్న ఇళ్లలో మాత్రం పిల్లల్లో కుదురులేనితనం ఎక్కువ కనబడిందట. ఇది చదివి మా అమ్మాయి ఫోనులో కాసేపు మాట్లాడలేదు. మా వీధిలో ఏ తల్లిని అడిగినా ‘తండ్రి దగ్గర లేక పిల్లాడిలా తయారయ్యాడు’ అనే చెబుతుంది. తండ్రి దగ్గరకొచ్చేశాక కూడా ఎందుకలా ఉన్నాడో ఎవరూ చెప్పరు. మావాడి సంగతి ఇక్కడ రాయను, వాడికిష్టం ఉండదు.

ఆస్ట్రేలియాలో 2021లో ఏకంగా రాయల్ కమిషన్ వేశారు. మూడేళ్లు విచారించి 2024 సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. 1997 నుంచి 2021 దాకా కనీసం 1,677 మంది సైనికులు, మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని లెక్క తేల్చి, 122 సిఫార్సులు చేశారు. ఇంగ్లండు, వేల్స్ వాళ్లు 2021 జనగణనలో ‘మీరు సైన్యంలో పనిచేశారా’ అని తొలిసారి అడిగారు. 18.5 లక్షల మంది తేలారు. మన 2011 జనగణన ఫారంలో అలాంటి ప్రశ్న లేదు. ఏటా అరవై వేల మంది దాకా పింఛను మీద ఇళ్లకొచ్చే దేశం మనది. వాళ్లు ఏ ఊళ్లో ఎలా ఉన్నారో జనగణనను అడిగితే జవాబు రాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో జాబితా ఉంటుంది, నిజమే. అందులో పేరు నమోదు చేయించుకున్నవాళ్లు ఉంటారు. నాలాంటిది అక్కడ ‘డిపెండెంటు’. రికార్డుల్లో నా పేరు ఒక అక్షరం తప్పు పడితే, దాన్ని దిద్దించడానికి అఫిడవిట్లు, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్టు, బెంగళూరుకు రిజిస్టర్ పోస్టులు. ప్రభుత్వం లెక్కల్లో నేనున్నది ఆ ఒక్క వరుసలోనే కాబట్టి అదైనా సరిగ్గా ఉండాలని పట్టుబట్టాను.

మన దగ్గర అసలు ప్రయత్నమే లేదని కాదు. సర్వీసులో ఉన్న సైనికుల్లో సగానికి పైగా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైనిక అధ్యయన సంస్థ ఒక అధ్యయనాన్ని తన వెబ్‌సైటులో పెట్టింది. 2021 జనవరిలో అది పత్రికలకెక్కేసరికి వెబ్‌సైటులోంచి మాయమైంది. అడిగిన మనుషులు తక్కువ, దాన్ని బట్టి అందరికీ వర్తింపజేయకూడదు అన్నది సైన్యం వైపు మాట. న్యాయమే కావచ్చు. కొద్దిమందిని అడిగారంటే ఎక్కువమందిని అడగాలి గానీ కాగితం దాచేస్తే ఎలా? తూకం యంత్రం తప్పు చూపిస్తోందని పిల్లల బరువు చూడటం మానేస్తానంటే మా సూపర్‌వైజరు ఊరుకుంటుందా?

ఎక్కడ అడుగుతారన్నదీ ముఖ్యమే. మాజీ సైనికుల వైద్యానికి 2003లో ఈసీహెచ్‌ఎస్ పథకం తెచ్చారు. మంచి పథకం. మా అత్త కంటి ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది. కానీ పరిశోధన చేసేవాళ్లు ఆ క్లినిక్ క్యూలో నిలబడ్డవాళ్లను అడిగి వెళ్లిపోతే వాళ్లకు దొరికేది బీపీ, షుగరు, మోకాళ్లు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి ఉద్దానం నుంచి రైలెక్కి వెళ్లే మగవాణ్ని నేనింకా చూడలేదు. వెళ్లనివాడే అసలు అడగాల్సినవాడు. వాడు ఇంట్లో ఉంటాడు. వాడి సంగతి తెలిసిన మనిషి వంటింట్లో ఉంటుంది.

చనిపోయినవాళ్లను మన జనం నెత్తిన పెట్టుకుంటారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబును, 2025 మేలో సరిహద్దులో ఒరిగిన కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్‌ను రెండు రాష్ట్రాలూ కన్నీళ్లతో సాగనంపాయి. అలా ఉండాల్సిందే. బతికొచ్చినవాడి గుమ్మం మాత్రం ఎవరూ తొక్కరు, అప్పుకో క్యాంటీన్ సీసాకో తప్ప.

ఇదంతా రాస్తున్నానని మా ఆయనకు చెప్పాను. పక్కింటాయన కూడా ఉన్నాడు. ఆయన మాట ఇది: “ఒదినా, నువ్వు మంచికే రాస్తున్నావు. కానీ రేపు పేపర్లో మిలట్రీవాళ్లందరికీ మతి సరిగా లేదని వేస్తారు. మన కుర్రాళ్లకి పిల్లనెవడిస్తాడు?” కొట్టిపారేయాల్సిన మాట కాదు. అందుకే పైన ఆ 83 మంది లెక్క కూడా రాశాను. పత్రికలవాళ్లకు కూడా ఇదే నా మనవి. నూటికి 17 అని పెద్దక్షరాల్లో వేసినప్పుడు మిగతా 83 కూడా అదే సైజులో వేయండి. పరిశోధన చేసేవాళ్లు ఊరి పేర్లు, ఇంటి పేర్లు బయటపెట్టకూడదు. మా మండలంలో ‘ఫలానా రెజిమెంటు హవల్దారు’ అని రాసినా చాలు, మనిషి దొరికిపోతాడు.

ఇంకొందరు పెద్దలున్నారు. ముందు ఓఆర్‌ఓపీ లెక్కలు తేలాలి, మనసు సంగతి తర్వాత అంటారు. ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం వాళ్లు ఢిల్లీ వీధుల్లో కూర్చున్నారు, 2015లో ఉత్తర్వులు తెచ్చుకున్నారు. తర్వాతి సవరణ బకాయిలు మాకూ అందాయి, చేదోడయ్యాయి. కానీ ఆ పోరాటం నిలబడింది లెక్కల మీదే కదా. ఏ ర్యాంకుకు ఎంత, ఎప్పుడు వచ్చినవాడికి ఎంత తగ్గుతోంది అని కాగితం మీద చూపించారు కాబట్టే వాదన నిలిచింది. మా ఇళ్ల సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఉద్దానం మనిషికి పరిశోధన అంటే కొత్త కాదు. కిడ్నీల జబ్బు మీద మా దగ్గరకు రానివాళ్లు లేరు. కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వచ్చింది, హార్వర్డ్ డాక్టర్లు వచ్చారు. “నా ఒంట్లో కన్నా వీళ్ల సీసాల్లోనే నా రక్తం ఎక్కువుంది” అంటుంది మా వీధి ముసలమ్మ. జబ్బుకు ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. అయినా ఇళ్ల వెంట తిరిగి ఎందరికుందో లెక్క తీశారు కాబట్టే డయాలసిస్ కేంద్రాలు దగ్గరకొచ్చాయి, హిరమండలం నుంచి నీళ్లొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే సమయంలో, రక్తం ఇచ్చిన మనిషికి ‘నీ రిపోర్టు ఇదమ్మా’ అని కాగితం తెచ్చిచ్చినవాళ్లు మాత్రం తక్కువ. మాజీ సైనికుల ఇళ్లకు వచ్చేవాళ్లు ఈ రెండో పని మర్చిపోకూడదు. మేం చెప్పింది ఏమైందో మళ్లీ వచ్చి మాకు చెప్పాలి. థీసిస్ లైబ్రరీలో ఉంటుందంటే సరిపోదు.

తొందర ఎందుకంటే, 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో మొదటి బ్యాచ్ కుర్రాళ్లు ఆ ఏడు చివర్లో ట్రైనింగుకు వెళ్లారు. నాలుగేళ్లకు అందులో నూటికి 25 మందికి మించకుండా ఉంచుకుంటారు. మిగతావాళ్లు, చాలామంది పాతికేళ్లయినా నిండకుండా, సుమారు 11.71 లక్షల సేవా నిధితో ఇళ్లకొస్తారు. పింఛను ఉండదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉండదు. నలభై ఏళ్లకు వచ్చిన మా ఆయనే ఇంట్లో ఇమడటానికి ఇంత తంటా పడితే, ఇరవై మూడేళ్లకు వచ్చే పిల్లాడి సంగతేమిటి? వాడికింకా పెళ్లి కాలేదు కాబట్టి అడగాల్సింది తల్లిని. వాడు రాకముందు ఒకసారి, వచ్చిన ఏడాదికి ఒకసారి, ఐదేళ్లకు ఒకసారి అడగాలి. వచ్చేశాక మొదలుపెడితే ‘ముందు ఎలా ఉండేవాడు’ అన్నది జ్ఞాపకం మీద రాసుకోవాల్సి వస్తుంది. మా పుస్తకంలో పిల్లాడి పుట్టినప్పటి బరువు లేకుండా ఎదుగుదల గీత గీయలేం.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సైకాలజీ, సోషల్ వర్క్ శాఖలున్నాయి. మా జిల్లాలోనే ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంగ్లండు నుంచి ఎవరూ రానక్కర్లేదు. పదేళ్ల పాటు అవే ఇళ్లకు తిరిగే ఓపికున్న ఒక బృందం, అందులో సగం మంది ఆడవాళ్లు, భార్యను భార్యగా, పిల్లల్ని పిల్లలుగా విడిగా అడిగే ఫారం, ఇంతే కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం జాబితా ఇస్తుంది. జాబితాలో లేనివాళ్లను చూపించడానికి ఊరూరా మా అంగన్‌వాడీలు ఉన్నారు. మాకు ఇప్పటికే చాలా సర్వేలు అంటగట్టారు, ఇంకొకటి నెత్తిన వేయించుకుంటున్నానని తోటి కార్యకర్తలు నన్ను తిట్టుకుంటారు. అయినా రాస్తున్నాను.

మా ఊరికి వచ్చేవాళ్లకు ఇళ్లు చూపించే పూచీ నాది. సాయంత్రం నాలుగు దాటాక రండి. అప్పటికి కేంద్రం మూసేస్తాం, మగవాళ్లు టీ కొట్టు దగ్గర ఉంటారు, అత్తలు గుడి అరుగు మీదకు చేరతారు. గంటన్నర దొరుకుతుంది.

పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి భార్య, అంగన్‌వాడీ కార్యకర్త,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.